నెలసరి ఆగాక ఆ మంట ఎందుకు?

ఈ వారం రాసేది పైకి చెప్పుకోవడానికి మనం సిగ్గుపడే విషయం. అయినా రాయక తప్పడం లేదు. ఆమధ్య ఈ శీర్షికలో మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తే చాలా ఉత్తరాలొచ్చాయి. వాటిలో నాలుగింటి చివర ఇంచుమించు ఒకటే మాట. "ముట్లుడిగి మూడేళ్ళయింది. కింద ఒకటే మంట, దురద. ఎన్ని ట్యూబులు రాసినా మళ్ళీ మొదటికే వస్తోంది. దయచేసి నా పేరు వేయకండి" అని. మోకాళ్ళకి మూడు పేజీలు రాసిన మనిషి దీనికి రెండే వాక్యాలు రాసింది, అదీ సంతకం పెట్టేముందు. అంటే ఎక్కువ బాధ పెడుతున్నది ఏదో మీకూ నాకూ అర్థమవుతూనే ఉంది కదండీ!

నేను డాక్టర్ని కాను. ఇంటర్ తో చదువు ఆపి సంసారంలో పడినదాన్ని. అయితే మా ఆడపడుచు, అంటే మా వారి అక్కగారు, ఇదే బాధ రెండేళ్ళు పడింది. ఆవిడ వెంట ఆస్పత్రులకు తిరిగింది నేనే. అక్కడ లేడీ డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ మీతో చెబుతాను.

ముందు పేరు పెట్టి మాట్లాడుకుందాం. "కింద" అంటే ఏమిటో డాక్టరుకి కూడా సరిగా తెలియదు. లోపలి మార్గం యోని. బయట దాన్ని కప్పి ఉంచే మెత్తటి చర్మపు మడతలు యోని పెదవులు. ఆ పైనే మూత్రం వచ్చే రంధ్రం ఉంటుంది. ఈ మూడింటికీ, మూత్రాశయానికీ బలం ఇచ్చేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. అండాశయాలు దాన్ని తయారు చేసినన్నాళ్ళూ అక్కడి చర్మం మందంగా, తడిగా, సాగే గుణంతో ఉంటుంది. ముట్లుడిగాక ఆ హార్మోను బాగా పడిపోతుంది. అక్కడికి రక్తప్రసారం తగ్గుతుంది, పొరలు పలచబడతాయి, తడి ఆరిపోతుంది. పెట్టెలో ఏళ్ళ తరబడి దాచిన పట్టుచీరని చూశారు కదా, మడత విప్పగానే ఆ గీత వెంట చిట్లిపోతుంది. ఆ చర్మమూ అంతే. నడిచినా, గుడ్డ ఒరుసుకున్నా, గట్టిగా తుడుచుకున్నా గీసుకుపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ఇది పెరుగు తోడేసే మనకి ఇట్టే అర్థమవుతుంది. యోనిలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. లాక్టోబాసిల్లస్ అంటారు, పాలని తోడుకునేలా చేసే వాటి జాతివే. లోపలి చర్మంలో ఉండే ఒక రకం పిండిపదార్థం వీటికి ఆహారం. అది తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు ఉన్నచోట చెడ్డ క్రిములు బతకలేవు. ఈస్ట్రోజెన్ పోయి చర్మం పలచబడితే ఆ పిండిపదార్థం తగ్గిపోతుంది, తోడు చచ్చిపోతుంది, పులుపు పోతుంది. అప్పుడు మలద్వారం దగ్గరుండే క్రిములు ముందుకు పాకి మూత్రమార్గంలో చేరతాయి. ముట్లుడిగిన వాళ్ళకి మూత్రంలో ఇన్ ఫెక్షన్ మాటిమాటికీ రావడానికి ఇదో ముఖ్యమైన కారణం. (ఇది చదివి పెరుగు తీసుకెళ్ళి అక్కడ రాసేరు! ఆ పని వద్దు. మన గిన్నెలో తోడు వేరు, దాంట్లో ఇంకేమేం క్రిములుంటాయో తెలియదు.)

మంట, పొడిదనం, దురద, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తడం, దాంపత్యంలో నొప్పి, ఒక్కోసారి గీసుకుపోయి రక్తపు చుక్క. ఇవన్నీ వేర్వేరు జబ్బులనుకుని ఒక్కోదానికి ఒక్కో డాక్టరు దగ్గరికి తిరుగుతాం. అన్నిటికీ మూలం ఒకటేనని 2014లో డాక్టర్ల సంఘాలు ఒకే పేరు పెట్టాయి. జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్, పొట్టిగా జి.ఎస్.ఎం. ముట్లుడిగిన వాళ్ళలో సుమారు సగం మందికి ఇది ఎంతో కొంత ఉంటుందట. ఒంట్లో ఆవిర్లు, చెమటలు కొన్నేళ్ళకి వాటంతటవే సర్దుకుంటాయి. ఇది అలా కాదు. వదిలేస్తే ఏటికేడు పెరుగుతుంది. "వయసుతో వచ్చింది, వయసుతోనే పోతుందిలే" అని ఊరుకునేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

మన దేశంలో ముట్లుడిగే వయసు సగటున 46, 47 ఏళ్ళు. అంటే ఆడదాని జీవితంలో ఇంకా ఇరవై, ముప్ఫై ఏళ్ళు మిగిలి ఉన్నాయన్నమాట. గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళ సంగతి ఇంకా వేరు. ఈ ఆపరేషన్లలో మన తెలుగు రాష్ట్రాలు దేశంలో ముందు వరసలో ఉన్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశమంతటా నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకుంటే, ఆంధ్రప్రదేశ్ లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోను కొన్నాళ్ళు వస్తుంది. రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు. మీ ఆపరేషన్ లో ఏమేం తీశారో మీకు తెలుసా? ఆస్పత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితం బీరువాలో ఉంటుంది, తీసి పిల్లలచేత చదివించుకోండి. మా వదినకి నలభై ఒకటో ఏట రెండూ తీసేశారు. ఆ సంగతి ఆవిడకి యాభై మూడేళ్ళు వచ్చేదాకా తెలియదు!

ఆవిడకి మంట మొదలైనప్పుడు అందరిలాగే "వేడి చేసింది" అనుకున్నాం. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ, కారం తగ్గించడం. మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు, నీళ్ళు బాగా తాగితే మూత్రం పలచగా వచ్చి చురుకు కొంచెం తగ్గుతుంది కూడా. కానీ పలచబడిన చర్మం మజ్జిగతో మందం కాదు కదా. తర్వాత పక్కింటావిడ చెప్పిందని పసుపూ ఉప్పూ వేసిన వేడినీళ్ళలో కూర్చుంది. వేపాకు కషాయంతో కడుక్కుంది. అదీ అయ్యాక బకెట్లో డెట్టాలు. పూటపూటకీ సబ్బు. "శుభ్రంగా లేనేమోనమ్మాయ్, అందుకే ఇలా అవుతోందేమో" అనేది. శుభ్రత విషయంలో మా వదిన పెట్టింది పేరు. మడికట్టుకుని వంట చేసే మనిషి. అలాంటావిడ తనని తాను అనుమానించుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

అసలు జరిగేదేమిటంటే, మనం ఎంత కడిగితే అంత పాడవుతుంది. సబ్బు క్షారగుణం కలది. ఉన్న కాస్త పులుపునీ, చర్మం మీది నూనె పొరనీ తుడిచేస్తుంది. డెట్టాలు లాంటివి నేల తుడవడానికి మంచివి, పుండుమీద చర్మానికి కాదు. టీవీలో చూపించే సువాసనల "ఇంటిమేట్ వాష్" లూ ఎండిన చర్మానికి అవసరం లేదు. వాసన కోసం వేసేవే కొందరికి పడవు. టాల్కం పౌడరు కూడా మానేయాలి. లోపలికి పిచికారీలా నీళ్ళు కొట్టి కడగడం అసలే వద్దు. మరేం చేయాలీ అంటే, రోజుకి ఒకటి రెండుసార్లు మామూలు నీళ్ళతో పైపైన కడుక్కుని, మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దుకుంటే చాలు. రుద్దకూడదు. దొడ్డికి వెళ్ళాక చేయి ముందునుంచి వెనక్కి రావాలి, వెనకనుంచి ముందుకు కాదు. కొత్త బాత్ రూముల్లో గోడకుండే నీళ్ళ గొట్టం ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, దాన్ని సూటిగా పట్టకండి, మగ్గుతో పోసుకోవడం మేలు.

బట్టల విషయం కూడా చెప్పాలి. లోదుస్తులు నూలువే వాడండి. వాటిని సర్ఫుతో ఉతికాక ఇంకో రెండుసార్లు ఎక్కువ జాడించండి, పొడి మిగిలితే అదే దురద. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ లోబట్టలు చీర కింద దాచి ఆరేస్తాం. అవి ఎండకి ఆరక చెమ్మగా ఉంటాయి. సిగ్గు సంగతి తర్వాత, వాటికి ఎండ తగలనివ్వండి. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతుందని కొందరు రోజంతా నెలసరి ప్యాడ్లు పెట్టుకుంటారు. తడిసిన ప్యాడు గంటల తరబడి ఉంటే చర్మం నాని పుండవుతుంది. తడి తగిలితే వెంటనే మార్చుకోవాలి. చర్మానికి మూత్రం తగలకుండా బయటివైపు వాసన లేని వ్యాజ్ లైన్ పలచగా రాసుకోవచ్చు. పడితే కొబ్బరినూనె అయినా సరే. వ్యాజ్ లైన్ మాత్రం లోపలికి పెట్టకూడదు.

ఇక ట్యూబుల కథ. ఇదే అన్నిటికన్నా కష్టమైనది. మా వదిన మందుల షాపుకి కొడుకుని పంపలేక, తను అడగలేక, దూరం వీధిలో షాపుకి వెళ్ళి "దురదకి ఏదైనా ఇవ్వు బాబూ" అంది. అతను ఎక్కడ దురదో అడగలేదు, ఈవిడ చెప్పలేదు. మూడు మందులు కలిపిన ట్యూబు ఇచ్చాడు. ఒకటి బూజు చంపేది, ఒకటి క్రిములని చంపేది, మూడోది స్టెరాయిడు. రాసిన రెండోరోజుకే హాయి అనిపించింది. ఎందుకనిపించదూ, స్టెరాయిడు దురదని నొక్కేస్తుంది. కానీ వాడినకొద్దీ అది చర్మాన్ని పలచబరుస్తుంది. అసలే పలచబడిన చోట ఇంకా పలచబరిచే మందు! మానగానే మంట రెట్టింపు. మళ్ళీ ట్యూబు. రెండేళ్ళలో ఏడు ట్యూబులు వాడింది. 2018లోనే కేంద్ర ప్రభుత్వం పధ్నాలుగు రకాల స్టెరాయిడు పూతమందులని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. రూలు రూలే, అమ్మకం అమ్మకమే. మీ ఇంట్లో ఇలాంటి ట్యూబు ఉంటే దానిమీది పేర్లు చూడండి. బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి మాట ఉంటే అది స్టెరాయిడు. బూజుకి ఇచ్చే మందైనా సరే, చూడకుండా వాడటం దండగే. ముట్లుడిగాక షుగరు లేని వాళ్ళకి ఆ బూజు రావడం తక్కువ.

షుగరు ఉన్నవాళ్ళకి మాత్రం వేరే లెక్క. షుగరు అదుపులో లేకపోతే బూజు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు, విపరీతమైన దురద దాని లక్షణం. పైగా షుగరుకి ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ళలు చక్కెరని మూత్రంలో బయటికి పంపించి పనిచేస్తాయి. ఆ తీపికి అక్కడ బూజు పెరిగే అవకాశం ఎక్కువ. అవి గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మందులు కాబట్టి సొంతంగా మానేయకండి. మీ బిళ్ళ పేరు చూసి, దురద సంగతి షుగరు డాక్టరుకి చెప్పండి. ఆయన మగవాడని సిగ్గుపడితే చీటీ మీద రాసి ఇవ్వండి.

ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మనం ఎలా చెబుతామన్న దాన్నిబట్టే మందు వస్తుంది. మా వదిన "మూత్రంలో మంట" అని చెబితే మూడుసార్లు మూత్రం ఇన్ ఫెక్షన్ కి బిళ్ళలు రాసిచ్చారు, పరీక్ష చేయలేదు. నాలుగోసారి వెళ్ళిన లేడీ డాక్టరు అడిగిన ప్రశ్న వేరు. "మూత్రం వస్తున్నప్పుడు లోపలినుంచి మంటా? లేక వచ్చాక బయటి చర్మానికి తగిలి చురుక్కుమంటుందా?" అని. వదిన కాసేపు ఆలోచించి "బయటేనమ్మా, గీసుకున్న చోట నిమ్మరసం పడ్డట్టు" అంది. ఆ ఒక్క మాటతో దారి మారింది. లోపలి మంట, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే మూత్రంలో ఇన్ ఫెక్షన్ అనుమానించి కల్చరు పరీక్ష చేయించాలి. బయటి చురుకైతే చర్మాన్ని చూడాలి. మీరు కూడా వెళ్ళేముందు ఇంట్లో ఇది గమనించుకోండి. ఎప్పుడు మొదలైంది, ముట్లు ఎప్పుడు ఆగాయి, ఏ ట్యూబులు వాడారు, ఏ బిళ్ళలు మింగుతున్నారు, ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీ ట్యూబులు పారేయకుండా సంచిలో వేసుకెళ్ళండి.

పరీక్ష అంటే భయం సహజం. ఎండిన చోట పరికరం పెడితే నొప్పి కూడా ఉంటుంది. "నాకు చాలా పొడిగా ఉంది, చిన్నది వాడండమ్మా" అని ముందే అడగండి. చిన్న సైజువి ఉంటాయి. బాగా నొప్పిగా ఉంటే మొదటిసారి బయటినుంచే చూసి వదిలేయమనవచ్చు. కానీ చూడకుండా మందు రాసేవాళ్ళని "ఒకసారి చూడండి" అని అడగడం మన హక్కు. దాన్ని వదులుకోవద్దు.

చూడాల్సిన అవసరం ఎందుకో చెబుతాను. పొడిదనంలాగే మొదలై వేరే జబ్బు అయ్యేవి ఉన్నాయి. వాటిలో లైకెన్ స్క్లెరోసస్ అనేది ముట్లుడిగిన వాళ్ళలో వస్తుంటుంది. యోని పెదవుల మీద, మలద్వారం చుట్టూ చర్మం తెల్లగా, సిగరెట్టు కాగితంలా ముడతలు పడి పలచబడుతుంది. రాత్రిళ్ళు దురద భరించలేం. మెల్లిగా ఆ పెదవులు కుదించుకుపోయి అతుక్కుంటాయి. తెల్లమచ్చలు చూసి బొల్లి అనుకుని ఇంట్లో చెప్పకుండా దాచేస్తారు కొందరు. బొల్లికి సాధారణంగా దురద ఉండదు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరితోనో తిరిగితే వచ్చేది అంతకన్నా కాదు. వైద్యం చేయకపోతే కొద్దిమందిలో కేన్సరుగా మారే ప్రమాదం ఉంది కనుక ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలి. అనుమానమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. విచిత్రమేమిటంటే దీనికి వైద్యం గట్టి స్టెరాయిడు ట్యూబే! ఎంత, ఎన్నాళ్ళు, ఎక్కడ రాయాలో డాక్టరు చూసి చెప్పినప్పుడు అది మందు. షాపువాడు చూడకుండా ఇచ్చినప్పుడు మా వదిన గతి.

మరొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, గులాబీ రంగు మరక పడినా, "మళ్ళీ ముట్టయ్యాను" అని నవ్వేసి ఊరుకోకండి. పలచబడిన చర్మం చిట్లడం వల్లే కావచ్చు. కానీ గర్భసంచి లోపలి పొరకి వచ్చే కేన్సరు మొదటి గుర్తు కూడా ఇదే. ఆ వారమే స్కానింగు చేయించుకోవాలి. మానని పుండు, గడ్డ, దుర్వాసన వేసే నీరు, ఇవి కూడా అంతే.

వైద్యం సంగతికొద్దాం. తేలిక బాధకి హార్మోను లేని జెల్ లు ఉన్నాయి. రెండు రకాలు, తేడా తెలుసుకోండి. ఒకటి మాయిశ్చరైజరు. ముఖానికి క్రీము రాసుకున్నట్టే దీన్ని వారానికి రెండు మూడుసార్లు లోపల పెట్టుకోవాలి, కలయిక ఉన్నా లేకపోయినా. రెండోది కలయిక సమయంలో జారుడు కోసం వాడే జెల్. సువాసన, వేడి, చల్లదనం లాంటివి కలిపినవి కొనకండి, నీటి ఆధారంగా చేసినవి మేలు.

వాటితో తగ్గకపోతే అసలు లోటు తీర్చే మందు ఉంది. అక్కడే వాడే ఈస్ట్రోజెన్ క్రీము. మన దగ్గర ఎక్కువగా ఈస్ట్రియాల్ అనే రకం రాస్తారు. ట్యూబుతో పాటు లోపల పెట్టుకునే చిన్న గొట్టం ఇస్తారు. మామూలుగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి పడుకునేముందు, తర్వాత వారానికి రెండు రాత్రులు. గొట్టం లోపలికి వెళ్ళనంత నొప్పిగా ఉంటే కొద్దిగా వేలితో ద్వారం దగ్గర రాసుకోమంటారు కొందరు డాక్టర్లు. మొదటి నాలుగు రోజులూ కాస్త చురుక్కుమనవచ్చు. నాలుగు వారాలకి తేడా తెలుస్తుంది, పూర్తి గుణం కనబడటానికి మూడు నెలలు పట్టవచ్చు. ఇక్కడే మనవాళ్ళు తప్పిపోతారు. వారం వాడి "ఏమీ తగ్గలేదు" అని ఒకరు, నెల వాడి "తగ్గిందిగా" అని ఒకరు మానేస్తారు. హార్మోను లోటు శాశ్వతం కాబట్టి మందు మానితే బాధ తిరిగొస్తుంది. కళ్ళజోడు పెట్టుకోవడం ఎలాగో ఇదీ అలాగే.

మూత్రంలో ఇన్ ఫెక్షన్లు మాటిమాటికీ వచ్చేవాళ్ళకి ఇది ఎంత మేలు చేస్తుందో 1993లోనే తేలింది. రాజ్, స్టామ్ అనే ఇద్దరు డాక్టర్లు ముట్లుడిగిన 93 మంది ఆడవాళ్ళ మీద పరిశోధన చేశారు. ఉత్త క్రీము పెట్టుకున్న వాళ్ళకి ఏడాదికి సగటున ఆరుసార్లు ఇన్ ఫెక్షన్ వస్తే, ఈస్ట్రియాల్ క్రీము పెట్టుకున్న వాళ్ళకి రెండేళ్ళకి ఒకసారి లెక్కన వచ్చింది. అయినా ఇప్పటికీ యాంటీబయాటిక్ బిళ్ళలే ముందు రాస్తారు. ఎందుకో నాకు అర్థం కాదు.

"హార్మోను అంటే కేన్సరు రాదూ?" ఇదీ మా వదిన మొదటి ప్రశ్న. భయం ఎక్కడిదంటే, 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో హార్మోను బిళ్ళలు మింగిన వాళ్ళలో రొమ్ము కేన్సరు కాస్త పెరిగిందని తేలింది. అది ఒళ్ళంతా పాకే బిళ్ళల మీద జరిగిన పరిశోధన. యోనిలో తక్కువ మోతాదులో పెట్టుకునే క్రీము నుంచి రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అయినా ఆ హెచ్చరికే క్రీము పెట్టెలోని కాగితం మీద కూడా వేస్తూ వచ్చారు. 2025 నవంబరులో అమెరికా ఔషధ సంస్థ ఆ పెద్ద హెచ్చరికని తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. అయితే రొమ్ము కేన్సరు వచ్చి తగ్గినవాళ్ళు, ముఖ్యంగా లెట్రోజోల్, అనస్ట్రోజోల్ బిళ్ళలు వాడుతున్న వాళ్ళు, కేన్సరు డాక్టరుని అడగకుండా దీని జోలికి వెళ్ళకూడదు. ఆ బిళ్ళల వల్లే వాళ్ళకి పొడిదనం ఇంకా ఎక్కువగా ఉంటుంది, ముందు జెల్ లు వాడి చూడమంటారు. కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళూ అది తేలేదాకా క్రీము మొదలుపెట్టకూడదు.

పెద్ద ఊళ్ళలో ఈమధ్య దీనికి లేజరు వైద్యమని ప్రకటనలు కనబడుతున్నాయి. వేలకి వేలు అడుగుతారు. 2018లో అమెరికా ఔషధ సంస్థ వీటివల్ల కాలిన గాయాలు, మచ్చలు కలగవచ్చని హెచ్చరించింది. 2021లో ఆస్ట్రేలియాలో నిజం లేజరునీ ఉత్తుత్తి లేజరునీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత రెండిటికీ తేడా లేదు. ఆ డబ్బుతో చేతికి గాజులు చేయించుకోవచ్చు.

ఇక భర్త విషయం. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా వదిన నొప్పి అని చెప్పలేక, ఏదో ఒక వంకతో మనవరాలి పక్కన పడుకునేది. అన్నయ్యగారు "నేనంటే అసహ్యం పుట్టిందా?" అని ముభావంగా ఉండేవారు. ఒకసారి కోపంలో "నీకేం రోగమొచ్చిందో" అని కూడా అన్నారట. ఆ మాట తలుచుకుని ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను చూశాను. రెండోసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఆయన్ని కూడా లోపలికి పిలిచి, "ముసలితనంలో మోకాళ్ళు అరిగినట్టే ఇదీను. అంటుకునేది కాదు, ఆవిడ మనసు మారడం కాదు. మూడు నెలలు ఓపిక పట్టండి" అని చెప్పింది. ఆయన తలవంచుకుని విని, బయటికొచ్చి మందుల షాపుకి తనే వెళ్ళారు. మీవారికి మీరు చెప్పలేకపోతే డాక్టరు చేత చెప్పించండి. లేదంటే ఈ పేజీ తెరిచి ఆయన కుర్చీలో పెట్టి వెళ్ళండి. కలయిక ఇష్టం లేని వాళ్ళు, భర్త లేని వాళ్ళు "నాకెందుకీ వైద్యం" అనుకోనక్కర్లేదు. నడవడానికి, కూర్చోవడానికి, బస్సులో నాలుగు గంటలు ప్రయాణం చేయడానికి కూడా ఆ చర్మమే కావాలి.

వదినకి ట్యూబులన్నీ మాన్పించి, సబ్బు మాన్పించి, క్రీము మొదలుపెట్టారు. స్టెరాయిడు మానిన మొదటి రెండు వారాలు నరకం చూసింది. చల్లటి నీళ్ళలో ముంచి పిండిన నూలుగుడ్డ వేసుకుని పడుకునేది. రెండో నెలలో తెరిపిన పడింది. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, సోమ గురువారాలు, క్యాలెండరు మీద చుక్క పెట్టుకుని వాడుతోంది. మంట పూర్తిగా పోయిందని అనదు. ఎండాకాలంలో, ప్రయాణంలో నీళ్ళు తక్కువ తాగినప్పుడు కాస్త వస్తుంది. కానీ పోయిన మాఘమాసంలో మా ఇంట్లో వ్రతానికి వచ్చి పీట మీద రెండు గంటలు కూర్చుంది.

మీ ఇంట్లో డెబ్భై, ఎనభై ఏళ్ళ అత్తగారో అమ్మో ఉంటే వాళ్ళనీ ఒకసారి అడగండి. మంచం పట్టిన వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ఊరికే చిరాకు పడుతుంటారు, రాత్రిళ్ళు నిద్రపోరు, నీళ్ళు తాగమంటే మూత్రానికి పోవాల్సొస్తుందని తాగరు. స్నానం చేయించేటప్పుడు అక్కడ ఎర్రగా ఉందా, తెల్లమచ్చలున్నాయా, గోకిన గీతలున్నాయా చూడండి. డైపరు వేస్తుంటే నాలుగు గంటలకోసారైనా చూసి, తడిగా ఉంటే వెంటనే మార్చండి. సబ్బు లేకుండా ఉత్త నీళ్ళతో కడిగి, అద్ది, గాలి తగలనిచ్చి, అప్పుడు కొత్తది వేయండి. ముందు మీ చేతి గోళ్ళు, వాళ్ళ గోళ్ళు కత్తిరించండి.